రెండేళ్ళు ఆలస్యంగా వచ్చిన కరెంటు

పాలమడుగు మునిసిపల్ పార్కు గోడకు ఇరవై మూడు నల్లరాతి పలకలు బిగించేశారు. ఇరవై నాలుగోది రావాలి. ఆ పలక తన పరువు తీయడానికే తయారవుతోందని శనివారం ఉదయం ఏడుగంటల పది నిమిషాల వరకూ సుబ్రమణ్యానికి తెలియదు.

ఏడూ పదకొండుకు హరినాథ్ వచ్చాడు.

హరినాథ్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. రోజూ పార్కులో ఎనిమిది రౌండ్లు నడుస్తాడు. రౌండుకొకరిని ఏడిపిస్తాడు. ఆ రోజు మొదటి రౌండు సుబ్రమణ్యం వాటాకు వచ్చింది.

"ఏమప్పా సుబ్రమణ్యం, ఊరికి మొదటి బస్సొచ్చిన తేదీ ఉండాది, సంత పెట్టిన తేదీ ఉండాది, వంక పొంగి బజార్లోకి నీళ్ళొచ్చిన తేదీ గూడా ఉండాది. మా కరెంటు యాడ?"

"బంగారుపాళ్యంలో చెక్కతా ఉండారు. అన్నింటికన్నా పెద్ద రాయి. మంగళవారం సభలో ఛైర్‌పర్సనమ్మ తెర తీసేది దానికే. సోమవారం సాయంత్రానికి వస్తాది" అన్నాడు సుబ్రమణ్యం, కొంచెం గర్వంగానే.

గర్వపడడానికి కారణం ఉంది. తాలూకా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనప్పటి నుంచి పన్నెండేళ్ళుగా అతను చేస్తున్న పని ఒక్కటే. పాలమడుగులో ఏది ఏ రోజు జరిగిందో వెతికి రాసుకోవడం. ఊళ్ళో అందరూ అతన్ని తేదీల సుబ్రమణ్యం అంటారు. ఛైర్‌పర్సన్ ప్రశాంతి ఆ నోటుపుస్తకం చూసి ముచ్చటపడి, ఊరి చరిత్రకు ఒక గోడ కేటాయించింది. ప్రతి పలక అడుగునా చిన్న అక్షరాలతో 'సేకరణ: కె. సుబ్రమణ్యం' అని ఉంటుంది. ఆ చిన్న అక్షరాలను అతను రోజూ పొద్దున వచ్చి పైపంచెతో తుడిచిపోతున్నాడు.

"కరెంటుకు ఏం తేదీ పెట్టినావు?" అన్నాడు హరినాథ్.

"పందొమ్మిదొందల యాభై ఆరు, జూలై ఒకటి. అందుకే గదా సభ జూలై ఒకటిన పెట్టుకునింది."

హరినాథ్ నడక ఆపేశాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"నేనెప్పుడు పుట్టినానో తెల్సునా? జూలై ఒకటి. మా తమ్ముడు? జూలై ఒకటి. మా బామ్మర్ది? వాడూ జూలై ఒకటే. మన కాలంలో జూలై ఒకటంటే అసలు తేదీ తెలీక బళ్ళో అయ్యవారు రాసిందని అర్థమప్పా. ఊరికొచ్చిన కరెంటును గూడా బళ్ళో చేర్పించినారా యేంది?"

"నా తావ ఆధారం ఉండాది."

"యేం ఆధారం?"

"ప్రభుత్వ పత్రం."

"అయితే మంగళవారం మీటింగుకు ఆ పత్రం ఎత్తుకోని రా. నేను లేసి, చెయ్యెత్తి, మైకులో అడుగుతా. ఊరంతా సూసి సంతోషిస్తాది." హరినాథ్ రెండో రౌండుకు వెళ్ళిపోయాడు.

సుబ్రమణ్యం అక్కడే సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఎందుకంటే ఆ ప్రభుత్వ పత్రం మరేదో కాదు. అతని భార్య చెంగమ్మ పదో తరగతి సర్టిఫికెట్.

సంగతి ఇదీ. కరెంటు ఆఫీసు పాత రికార్డులు ఎప్పుడో వానకు తడిసి ముద్దయిపోయాయి. ఊళ్ళో ముసలివాళ్ళను అడిగితే ఒకాయన "శెనిక్కాయలు పీకినాక" అన్నాడు, ఇంకొకాయన "మా ఎద్దు సచ్చిన యేడు" అన్నాడు. సుబ్రమణ్యానిది ఈ ఊరు కాదు, ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. అప్పుడతనికి పెళ్ళిచూపుల నాటి మాట ఒకటి గుర్తొచ్చింది. అత్త జ్ఞానాంబ ఆ రోజు మురిసిపోతూ చెప్పింది: "మా సెంగమ్మ పాలమడుగుకు కరెంటొచ్చిన దినమే పుట్టిందప్పా." చెంగమ్మ సర్టిఫికెట్లో పుట్టిన తేదీ 1-7-1956. ఇంకేం కావాలి? ఊరికి కరెంటు 1-7-1956న వచ్చింది. నోటుపుస్తకంలో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు.

జూలై ఒకటిన పుట్టినవాళ్ళు ఊరినిండా ఉన్నారన్న సంగతి అతనికి తెలియక కాదు. ఆఫీసులో వేలమంది కాగితాలు చూసిన మనిషి. కానీ సొంత భార్య కూడా ఆ మందలో ఒకతె అయి ఉంటుందని తట్టలేదు. పెళ్ళాం కాగితాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఇప్పుడు అసలు తేదీ దొరకాలి. మంగళవారం లోపు. లేకపోతే హరినాథ్ ఒక్క ప్రశ్నతో ఇరవై మూడు పలకల మీదా మట్టి కొడతాడు. ఒక తేదీ తప్పయితే మిగతావి ఎవరు నమ్ముతారు?

* * *

ఇంటికి వచ్చేసరికి చెంగమ్మ పెరట్లో పాత ఇత్తడి చెంబుతో తులసి కోటకు నీళ్ళు పోస్తోంది. ఆమెను సూటిగా అడిగితే రెండు నిమిషాల పని. కానీ అడగలేడు. అడిగితే తన సర్టిఫికెట్టే ఊరి చరిత్రకు ఆధారమని ఆమెకు తెలిసిపోతుంది. ఇక జన్మంతా నవ్వుతుంది. హరినాథ్ నవ్వుకు పార్కు గేటు దాకే హద్దు. చెంగమ్మ నవ్వు కంచం పక్కనే కూర్చుంటుంది.

పక్కదారిన పోదామనుకున్నాడు.

"ఏమే, మీయమ్మ నీ పుట్టినదినం గురించి ఎప్పుడన్నా యేమన్నా సెప్పినాదా?"

చెంగమ్మ చెంబు దించి, కళ్ళు చిట్లించి చూసింది. "నలభై ఎనిమిదేండ్ల కాపరంలో ఇదే మొదటిసారి అడగడం. ఒళ్ళు బాగుండాదా?"

"ఊరికే అడిగితినిలే."

"ఊరి తేదీలన్నీ అయిపోయినాయా? ఇంగ ఇంట్లో తేదీలకొచ్చినావా?"

"గమ్మునుండు. నీకంటే రెండేండ్లు పెద్దోణ్ణి, మర్యాదగా మాట్లాడు" అన్నాడు సుబ్రమణ్యం. మాటల్లో ఓడిపోయే సూచన కనబడిన ప్రతిసారీ అతను వాడే ఆయుధం అది. నిజానికి రెండేళ్ళు కూడా కాదు. అతను పుట్టింది 1954 అక్టోబరు ఇరవైన, నాయన స్వయంగా జాతకం రాయించిపెట్టాడు. చెంగమ్మకంటే ఇరవై నెలలు పెద్ద. దాన్ని ఎప్పటికప్పుడు రెండేళ్ళకు పెంచి చెబుతుంటాడు.

ఆ మాట విన్నప్పుడల్లా చెంగమ్మ పెదవి చివర ఒక చిన్న నవ్వు వచ్చి పోతుంది. ఆ రోజు కూడా వచ్చింది, పోయింది. సుబ్రమణ్యం ఎప్పటిలాగే దాన్ని గమనించలేదు.

* * *

పదిగంటలకు బజారులో రాజారత్నం పాత్రల కొట్టులో ఉన్నాడు. ఊళ్ళో మొదటి బల్బు వెలిగింది రాజారత్నం తాత అంగట్లోనే అన్నది అందరికీ తెలిసిన మాట. ఏ రోజన్నదే తెలియదు.

స్టీలు బిందె మీద టకటకమని పేరు కొడుతున్న రాజారత్నం పని ఆపి ఆలోచించాడు. "తేదీ నాకు తెలీదు సార్. కానీ ఒగ మాట మా నాయన సెప్తా ఉండె. ఆ దినం ఊర్లో ఒగ ఆడబిడ్డ పుట్టిందంట. మా తాతకు సంతోషమెక్కువై, ఇత్తడి చెంబు మీద బిడ్డ పేరు, తేదీ కొట్టించి ఇంటికి పంపినాడంట. ఆ చెంబు దొరికితే మీ తేదీ దొరికినట్టే."

సుబ్రమణ్యం బిందె మీదుగా ముందుకు వంగాడు. "ఏ బిడ్డకు?"

"అది తెలీదు సార్. ఇంతకుముందే హరినాథన్న గూడా ఇదే అడిగినాడు."

"సెప్పేసినావా?"

"అడిగితే సెప్పకుండా యెట్ల సార్? టిఫిన్ క్యారియర్ కొన్నాడు గదా."

సుబ్రమణ్యం మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాడు. చెంబు ఉందని హరినాథ్‌కు తెలుసు. ఆ బిడ్డ ఎవరో తెలియదు. తనకు తెలుసు. ముందంజ తనదే. అత్త పోయినప్పుడు పుట్టింటి పాత సామానంతా చెంగమ్మ అక్క మునిలక్ష్మి కార్వేటినగరం తీసుకుపోయింది. చెంబు అక్కడే ఉండాలి. హరినాథ్ ఆరా తీసేలోపు తను పోయి దాన్ని పట్టుకోవాలి.

ఆదివారం పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "కార్వేటినగరం పోయి కోట సూసొస్తా. ఒగ తేదీ సరిచూసుకోవాల" అన్నాడు.

చెంగమ్మ లోపలికెళ్ళి ఒక సీసా తెచ్చి అతని సంచిలో పెట్టింది. "ఈ నిమ్మకాయ ఊరగాయ కోటకిచ్చిరా."

"కోటకా?"

"కోట పక్కసందులో మా యక్క ఉండాది గదా. కోట తినకపోతే ఆమెకియ్యి."

సుబ్రమణ్యం బస్టాండుకు నడిచాడు.

బస్సు పుత్తూరు రోడ్డెక్కాక అలవాటుగా వెనక అద్దంలోంచి చూశాడు. చూసి, సీటులో కిందికి జారాడు. బస్సు వెనకాల ఆకుపచ్చ స్కూటరు. దాని మీద హరినాథ్. హ్యాండిలుకు కొత్త టిఫిన్ క్యారియర్ వేలాడుతోంది. బస్సు ఆగితే స్కూటరు ఆగుతోంది. బస్సు కదిలితే స్కూటరు కదులుతోంది.

కార్వేటినగరం ఇంకా అర కిలోమీటరు ఉందనగా సుబ్రమణ్యం హఠాత్తుగా లేచి, కండక్టరు తిడుతున్నా వినకుండా దిగిపోయాడు. తుమ్మచెట్ల మధ్య నుంచి అడ్డదారిన నడిచి, పాత కోట గోడ పక్కకు చేరి, వీపు గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టాడు. డెబ్బై ఏళ్ళ వయసులో, చేతిలో ఊరగాయ సీసాతో.

"ఏమప్పా, గోడ కొలస్తా ఉండావా?"

హరినాథ్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"నన్నెందుకు ఎంబడిస్తా ఉండావు?" అన్నాడు సుబ్రమణ్యం, దాక్కోవడం వ్యర్థమని తేలాక.

"నిన్నా? మా మేనకోడలి కూతురికి ఇయ్యాల పేరు పెడతా ఉండారు. రోడ్డు ఒగటే గదా, నీ బస్సును దాటుకోనీకి దోవ ఇయ్యలేదు మీ డ్రైవరు." హరినాథ్ టిఫిన్ క్యారియర్ ఎత్తి చూపించాడు. "అయినా ఒగ మాట. ఆ చెంబు బిడ్డెవరో ఊర్లో నలుగుర్ని అడిగినా. తెలీలేదు. నీకేమన్నా తెలిసినాదా?"

"లేదు."

"లేదంటే ఆ చెవులెందుకప్పా ఎర్రగైనాయి?" అంటూ హరినాథ్ స్కూటరు స్టార్టు చేసి వెళ్ళిపోయాడు.

* * *

మునిలక్ష్మికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఊరగాయ సీసా మూత తీసి వాసన చూసి, "ఉప్పు ఎచ్చు" అని తీర్పు చెప్పి, అప్పుడు మరిదికి కుర్చీ వేసింది.

"వదినా, సెంగమ్మ పుట్టిన తేదీ నిజంగా జూలై ఒకటేనా?"

ఆమె ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "ఎవురు సెప్పినారు మరిదీ? అది మునెయ్య అయ్యవారు పెట్టిన తేదీ."

మునెయ్య అయ్యవారు ఆ కాలంలో పాలమడుగు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. పిల్లల్ని చేర్చుకోవడానికి ఆయన దగ్గర కాగితాలూ సాక్షులూ ఏమీ ఉండేవి కావు. ఒక్కటే పరీక్ష. కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఐదేళ్ళు నిండినట్టు. అందకపోతే ఇంటికి.

"మా సెంగమ్మవి పొట్టి చేతులు" అంది మునిలక్ష్మి. "మొదటి యేడు మా నాయన ఎత్తుకోని పోయినాడు. అందలా. 'ఐదేళ్ళు నిండలేదు, వచ్చే ఏడు తీసుకురా' అనినాడు అయ్యవారు. మా నాయన నిండినాయని సెప్తే, 'చెవి నిండలేదంటా ఉండాది' అని పంపించేసినాడు. రొండో యేడు పోయినారు. అందలా. వచ్చే ఏడు తీసుకురా. మూడో యేడు నేను ముందుదినమంతా తల పక్కకు వంచేది నేర్పించి పంపినా. అప్పుడందింది. అయ్యవారు ఆ యేడే ఐదు నిండినాయని, జూలై ఒకటని రాసేసినాడు. అప్పటికి దానికి ఏడు దాటింది."

సుబ్రమణ్యం తాలూకా ఆఫీసు బుర్ర వెంటనే కూడికలు మొదలుపెట్టింది. బడిలో చేరింది 1961. ఏడు దాటింది. అంటే పుట్టింది 1954 జూలైకి ముందే. మరి తను? ఆ ఏడు అక్టోబరు ఇరవై. ఊరి చరిత్ర గురించి వచ్చిన మనిషికి ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది.

"అయితే... సెంగమ్మ నాకంటే..."

"పెద్దదే. నీకింకా తెలీదా?" మునిలక్ష్మి బుగ్గన వేలు పెట్టుకుంది. "పిల్ల సిన్నదైతేనే సేసుకుంటామని మీ నాయన పట్టుబట్టె. మా యమ్మ జాతకం లేదనేసి, బడి కాయితం సూపించె. పేరుబలం సూసి ముడేసినారు. దానికి తెలుసు, మాకు తెలుసు. నీకే తెలీదా?"

సుబ్రమణ్యం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ చెంబు... మీ తావ ఉండాదా వదినా?"

"యే చెంబు? అంగడాయన ఇచ్చిన ఇత్తడి చెంబా? ఈడెందుకుంటాది! పెండ్లిలో సారెతో మీ ఇంటికే పంపిస్తిమే. ఇన్నేండ్లుగా దాంతోనే గదా అది తులసమ్మకు నీళ్ళు పోసేది."

* * *

సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరాడు. చెంగమ్మ వీధరుగు మీద ఎవరితోనో మాట్లాడుతోంది. సుబ్రమణ్యం పిల్లిలా పెరట్లోకి వెళ్ళి, చెంబు అందుకుని, గట్టు మీద కూర్చుని, చింతపండుతో తోమడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న పసుపూ కిలుమూ ఒక పట్టాన వదల్లేదు. ముందు 'కరెంటు' అన్న మాట బయటపడింది. తర్వాత 'చెంగమ్మ'. చివరకు తేదీ.

11-2-54.

అక్టోబరు ఇరవైకి ఎనిమిది నెలలు ముందు.

"ఇన్నేండ్లలో ఒగ గలాసు తోమలేదు. ఇయ్యాల చెంబు తోమతా ఉండావు. పుణ్యం పురుషార్థం రొండూ ఒగేసారి వచ్చినాయా?"

చెంగమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. సుబ్రమణ్యం చెంబు దాచబోయి, ఎక్కడా చోటు కనబడక, ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"నీకు తెలుసు" అన్నాడు.

"తెలుసు."

"ఇన్నాళ్ళు యెందుకు సెప్పలేదు?"

"నువ్వడిగితివా? తేదీ కోసరం ఊర్లో అందరి ఇండ్లకు పోతివి. మన ఇంట్లో ఒగ తూరి సూడరాదా? 'నీకంటే రెండేండ్లు పెద్దోణ్ణి' అని నువ్వు మీసం తిప్పుకున్నప్పుడల్లా నాకు ఎంత బాగుండేదో! సెప్పేస్తే ఆ సరదా పోతాది గదా."

అతనికి నవ్వు రాలేదు. హరినాథ్ సంగతి, సర్టిఫికెట్ సంగతి, మంగళవారం సభ సంగతి అన్నీ చెప్పేశాడు. చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"అంటే నా చెయ్యి చెవికి అందలేదని, ఊరికి కరెంటు రెండేండ్లు లేటుగా వచ్చిందా?"

"నవ్వొద్దు. రేపు మధ్యానానికి రాయి పాలిష్ గూడా అయిపోతాది. తేదీ మార్చమంటే ఆధారం అడుగుతారు. ఆధారం ఈ చెంబు. చెంబు సూపిస్తే నీ పేరు సూస్తారు. నా వయసు ఊరందరికీ తెలుసు."

"అయితే మార్చొద్దులే." ఆమె అతని ఒళ్ళోంచి చెంబు తీసుకుంది. "దీన్ని అటక మీద పెట్టేస్తా. హరినాథన్న యాడ వెతికినా దొరకదు. నాకేం నష్టం? కాగితం మీద నాకు రెండేండ్లు తక్కువే గదా. ఊరికి మాత్రం రాయి మీద అబద్ధముంటాది. కింద నీ పేరుంటాది. ఎవురికి తెలస్తాది, నీకూ నాకూ తప్ప?"

లోపలికి వెళ్ళిపోయింది. ఆమె అంత మెత్తగా ఒప్పుకోవడం సుబ్రమణ్యం జీవితంలో అదే మొదటిసారి. పార్కులో తను పైపంచెతో తుడిచిన చిన్న అక్షరాలు కళ్ళముందు కదిలాయి. ఇక మీదట వాటిని ఏ ముఖంతో తుడవాలి?

సోమవారం పొద్దున ఆరింటికి చెంబును సంచిలో వేసుకుని బంగారుపాళ్యం బస్సెక్కాడు. అతను చూసేసరికి అది అటక మీద లేదు. గుమ్మం పక్కనే, సంచి మీదే పెట్టి ఉంది.

* * *

అది తోతాపురి కాయల కాలం. బంగారుపాళ్యానికి మూడు కిలోమీటర్ల ముందే బస్సు ఆగిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైన మామిడికాయల ట్రాక్టర్ల వరస హైవే పక్కన కనుచూపుమేర ఉంది. రాయి చెక్కే గిరిప్రసాద్‌కు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మిషను చప్పుడులో వాడికి పిడుగు పడినా వినబడదు.

సుబ్రమణ్యం దిగి నడిచాడు. ఎండ ముదిరింది. ట్రాక్టర్ల నీడలో చాపలు పరుచుకుని పడుకున్న రైతులు, సంచిలో చెంబు పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తున్న పెద్దమనిషిని వింతగా చూశారు. ఒకాయన జాలిపడి, "ఎనకాల చెట్లున్నాయి సార్, నీళ్ళు గూడా ఉండాయి" అని దారి చూపించాడు. అది వేరే అవసరం అనుకున్నాడు పాపం.

షెడ్డు చేరేసరికి పలక తళతళలాడుతోంది. 'పాలమడుగుకు విద్యుత్తు వచ్చిన రోజు: 1-7-1956.' అద్దంలా ముఖం కనిపిస్తోంది. అందులో సుబ్రమణ్యం ముఖం చెమటతో, నిరాశతో వేలాడుతోంది.

"అయిపోయినాది సార్. యెట్లుండాది?" అన్నాడు గిరిప్రసాద్, దుమ్ము దులుపుకుంటూ.

"తేదీ తప్పు."

గిరిప్రసాద్ ముఖం మాడిపోయింది. "ఇంత పెద్ద రాయి ఇంగొగటి లేదు సార్. రేపటికి కాదు."

సుబ్రమణ్యం రాయి చుట్టూ ఒకసారి తిరిగి, "దీని ఎనకవైపు యేముండాది?" అన్నాడు.

"యేమీ లేదు. పాలిష్ లేదు, గరుగ్గా ఉంటాది."

"తిప్పు."

గిరిప్రసాద్ పనివాళ్ళను కేకేశాడు. రాయి బోర్లా పడింది. మిషను మళ్ళీ మోగింది. సుబ్రమణ్యం చెంబును ఎదురుగా స్టూలు మీద పెట్టి, ఒక్కో అంకెనూ సరిచూస్తూ నిలబడ్డాడు. 11-2-1954.

మధ్యలో ఛైర్‌పర్సన్‌కు ఫోన్ చేశాడు. ప్రశాంతి అంతా విన్నది.

"సార్, నిజమైన తేదీ పెట్టాల్సిందే. కాదనను. కానీ కార్డులు పంచేసినాం, పందిరి వేసేసినాం. ఫిబ్రవరిలో వచ్చిన కరెంటుకు జూలై ఒకటిన సభ ఎందుకని అడిగితే నేనేం సెప్పాల? రేపు పదిగంటలకు జూలై ఒకటికి ఒగ కారణం పట్టుకోని రండి."

* * *

మంగళవారం పార్కులో మూడువందల మందికి పైగా చేరారు. ప్రశాంతి తెర లాగింది. మిగతా పలకలన్నీ నున్నగా మెరుస్తుంటే ఇది ఒక్కటే గరుకుగా, అప్పుడే కొండలోంచి లేచి వచ్చినట్టు ఉంది. జనం తేదీ చదివారు. గుసగుసలు మొదలయ్యాయి.

సుబ్రమణ్యం మైకు అందుకునేలోపే మొదటి వరసలో చెయ్యి లేచింది. హరినాథ్.

"జూలై ఒకటి యాడికి పోయినాదప్పా? ఫిబ్రవరి పదకొండుకు ఆధారమేంది?"

సుబ్రమణ్యం జనంలో వెతికాడు. మూడో వరసలో చెంగమ్మ, ముదురాకుపచ్చ పట్టుచీరలో, ఏమీ తెలియనట్టు పైకి చూస్తూ కూర్చుంది.

"సెప్తా హరినాథ్. ముందు నువ్వు సెయ్యి దించొద్దు. ఈడ జూలై ఒకటిన పుట్టినోళ్ళంతా ఒగసారి చేతులెత్తండి."

మొదట రెండు చేతులు లేచాయి. తర్వాత పది. తర్వాత ఒక్కసారిగా కొర్రచేను గాలికి లేచినట్టు లేచాయి. రాజారత్నం ఎత్తాడు. బందోబస్తుకు వచ్చిన హెడ్ కానిస్టేబులు ఎత్తాడు. మైకు సెట్టాయన వైరు వదిలేసి ఎత్తాడు. జనం ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"మన తల్లులు మనల్ని కన్న తేదీలు వేరే" అన్నాడు సుబ్రమణ్యం. "మునెయ్య అయ్యవారూ, అట్లాంటి అయ్యవార్లూ మనల్ని కన్న తేదీ ఇది. ఇంతమంది ఒగే దినం పుట్టిన ఊరు ఇంగొగటుంటే సూపించండి. సభ ఈ దినం పెట్టింది అందుకే."

ప్రశాంతి ముందుగా చప్పట్లు కొట్టింది, ప్రాణం లేచొచ్చినట్టు.

"ఇంగ ఆధారం." సుబ్రమణ్యం సంచిలోంచి చెంబు తీశాడు. "రాజారత్నం తాత, కరెంటొచ్చిన దినం పుట్టిన బిడ్డకిచ్చిన చెంబు. తేదీ దీనిమీదే ఉండాది. బిడ్డ పేరు చెంగమ్మ. మా ఇంటామె. నేను ఆమె బడి కాయితం సూసి తప్పు తేదీ రాసుకుంటి. తప్పు నాదే. చెంబు మా ఇంట్లోనే ఉండాది, నేను సూడలేదు. అదీ నా తప్పే." చెంగమ్మ వైపు చూశాడు. "ఆమె నాకంటే ఎనిమిది నెల్లు పెద్దది."

పార్కు గొల్లుమంది. హరినాథ్ లేచి వచ్చి చెంబు తీసుకున్నాడు. కళ్ళద్దాలు పైకెత్తి, అక్షరం అక్షరం చదివాడు. లైన్ ఇన్‌స్పెక్టరు మీటరు చూసినంత శ్రద్ధగా.

"కరెక్టే" అన్నాడు చివరకు, మైకులోనే. తర్వాత మైకు వదల్లేదు. "ఇన్నాళ్ళూ మీ ఇంట్లో పెద్దోళ్ళ మాట ఇన్లేదన్నమాట నువ్వు!"

నవ్వులు ఇంకా ఆగలేదు. ఎవరో, "మునెయ్య అయ్యవారి పరీచ్ఛ ఇప్పుడు పెడితే యెట్ల?" అని అరిచారు. అంతే. అరవై దాటినవాళ్ళు, డెబ్బై దాటినవాళ్ళు, ఛైర్‌పర్సన్ పక్కన కూర్చున్న పెద్దలు, అందరి కుడిచేతులూ తలమీదుగా తిరిగి ఎడమ చెవుల కోసం వెతుక్కున్నాయి. హెడ్ కానిస్టేబులు టోపీ తీసి మరీ పట్టుకున్నాడు.

సుబ్రమణ్యం వేదిక దిగి మూడో వరస దగ్గరకు వెళ్ళాడు. చెంగమ్మ కూడా చెయ్యి తలమీదుగా తిప్పింది. తల వంచకుండా, నిటారుగా కూర్చుని, నిజాయితీగా. వేళ్ళు చెవికి అంగుళం పైన ఆగిపోయాయి. అతను వంగి చూశాడు. ఇంకొంచెం సాగదీసింది. ఉహూఁ.

"అందలేదే" అన్నాడు.

చెంగమ్మ చెయ్యి దించి, అతని చేతిలోని సంచి పట్టుకుని లేచింది.

"ఐదేళ్ళు నిండలేదు" అంది. "వచ్చే ఏడు తీసుకురా."